ప్రవక్త చూపిన మూలలో బోరు వేస్తే దుమ్ము లేచింది. దీన్ని ప్రవచనం అనాలా?

చెనిక్కాయ_అబ్బాయి (అనంతపురం), ఆదివారం రాత్రి 10:12

అందరికీ వందనాలు. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మాది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. నాలుగెకరాల చెనిక్కాయ చేను. ఉన్న రెండు బోర్లూ ఎండిపోయాయి. నేను బెంగళూరులో పని చేస్తాను, పదిహేను రోజులకోసారి ఇంటికి వస్తాను. ఈమధ్య మా ఊళ్ళో మూడు రోజుల ఉపవాస కూడికలు పెట్టారు. బయటి నుంచి ఒక ప్రవక్త గారు వచ్చారు. రెండో రోజు రాత్రి మా అమ్మను పేరు పెట్టి పిలిచి, 'నీ చేను ఈశాన్యం మూలలో నీళ్లు పారుతున్నట్టు చూస్తున్నానమ్మా, ఆలస్యం చేయొద్దు' అన్నారు. అమ్మ అక్కడే మోకాళ్ల మీద పడి ఏడ్చింది.

నాయన వద్దంటే వద్దన్నాడు. అమ్మ వినలేదు, మెడలో గొలుసు తాకట్టు పెట్టింది. బోరు బండి వచ్చిన రాత్రి నేనూ ఉన్నాను. 310 అడుగుల దగ్గర కాస్త తడి మట్టి వచ్చింది. అమ్మ స్తోత్రం అంటూ చేతులెత్తింది. ఆ తర్వాత మళ్లీ తెల్ల దుమ్మే. బండి వాళ్లు 'ఇంకో రాడ్డు వేద్దామా' అని అడిగిన ప్రతిసారీ అమ్మే 'వెయ్యి నాయనా' అంది. 700 అడుగుల దగ్గర నాయన పోయి ఇంజను ఆపమన్నాడు. తెల్లారేసరికి మా ముగ్గురి జుట్టూ ముసలోళ్ల జుట్టులా తెల్లగా ఉంది. కేసింగ్‌తో కలిపి ఖర్చు లక్ష దాటింది.

అసలు బాధ డబ్బు గురించి కాదు. అమ్మ ఫోన్ చేస్తే ప్రవక్త గారు, 'మీ ఇంట్లో ఎవరిదో ఒప్పుకోని పాపం అడ్డం పడింది, నలభై రోజులు ఉపవాసం ఉండి విత్తనం కానుక పంపండి' అన్నారంట. (విత్తనం కానుక అంటే విత్తనంలా వేస్తే దీవెనగా తిరిగి వస్తుందని చెప్పి అడిగే డబ్బు.) అప్పటి నుంచి అమ్మ ఒక పూటే తింటోంది. అన్నం పెడుతూ నా వైపు, నాయన వైపు ఒక చూపు చూస్తుంది. ఆ పాపం ఎవరిదా అని వెతుకుతున్నట్టు ఉంటుంది ఆ చూపు.

ప్రవచన వరం ఈ రోజుల్లో నిజంగా ఉందా? ఉంటే దాన్ని ఎట్లా గుర్తుపట్టాలి? అమ్మకు నేనేం చెప్పాలి?

---

గుత్తి_మామ, ఆదివారం రాత్రి 10:31

అల్లుడూ, నేను మీ మతం వాణ్ని కాదు, తప్పుగా అనుకోవద్దు. ఈశాన్యం అనగానే నాకు నవ్వు ఆగలేదు. మా వాస్తు ఆయన కూడా బోరుకు ఈశాన్యం మూలే చూపిస్తాడు. మీ ప్రవక్త గారు ఆ పుస్తకం కూడా చదివినట్టున్నారు.

మాకూ ఇట్లాంటివాళ్లు ఉన్నారులే. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతారు, కాయ లేచి నిలబడిన చోట నీళ్లంటారు. మా చేలో కాయ మూడు చోట్ల నిలబడింది, మూడు చోట్లా దుమ్మే. కాకపోతే ఆ కాయ ఆయన మా ఇంట్లో పాపం ఉందని మాత్రం అనలేదు. ఇంకో కాయ తెమ్మన్నాడు, అంతే.

---

ప్రొద్దుటూరు_గీటురాయి, ఆదివారం రాత్రి 11:05

తమ్ముడూ, సూటిగా చెబుతాను. మా సహవాసంలో మేం నమ్మేది ఏమంటే, ప్రవచనాలు, భాషలు (ఆత్మ ప్రేరణతో తెలియని భాషల్లో మాట్లాడటం) అపొస్తలుల కాలంలో సంఘానికి పునాది వేసేటప్పుడు ఇచ్చినవి. అప్పటికి కొత్త నిబంధన చేతిలో లేదు. ఇప్పుడు పూర్తి బైబిలు ఉంది. 1 కొరింథీయులు 13లో ప్రవచనములైనను నిరర్థకములగును, భాషలైనను నిలిచిపోవును అని రాసి ఉంది కదా. హెబ్రీ పత్రిక మొదటి మాటలు చూడు: పూర్వం ప్రవక్తల ద్వారా మాట్లాడిన దేవుడు ఈ దినముల అంతమందు కుమారుని ద్వారా మాట్లాడాడు. ఇంకా ఏం కావాలి?

నేను బంగారం పనిలో ఉన్నాను. మా బజారులో ఎవరైనా గాజు తెచ్చి 'ఇది మా అమ్మది, ప్రార్థన చేసి తెచ్చాను' అంటే మేం తీసుకోం. గీటురాయి మీద ఒక గీత గీసి, ఆసిడ్ చుక్క వేసి చూస్తాం. గీత నిలిస్తే బంగారం, కరిగిపోతే రాగి. 1 థెస్సలొనీకయులు 5లో 'సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి' అన్న చోట పరీక్షించడానికి వాడిన గ్రీకు మాట దొకిమాజో. లోహాలను, నాణేలను పరీక్షించడానికి వాడే మాట అది. మీ అమ్మ గారి గొలుసు తాకట్టు పెట్టుకున్నవాడు దాన్ని గీసి చూసే ఉంటాడు. ఆ గొలుసు తీయించిన మాటను మాత్రం ఎవరూ గీసి చూడలేదు.

---

కడప_నర్సమ్మ, సోమవారం ఉదయం 6:20

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నాను, తప్పులుంటే క్షమించండి.

గీటురాయి అన్నా, మీరు చెప్పిన వచనానికి ముందున్న రెండు మాటలు కూడా చదవండి. 'ఆత్మను ఆర్పకుడి. ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి.' ఆ తర్వాతే పరీక్షించమన్నాడు. ఏమీ లేకపోతే పరీక్షించడానికి ఏముంది? 1 కొరింథీయులు 13లో కూడా పూర్ణమైనది వచ్చినప్పుడు అని ఉంది. ముఖాముఖిగా చూతుము అన్న మాట దాని పక్కనే ఉంది. ఆ పూర్ణమైనది బైబిలు అని మీరంటారు, ప్రభువు రాకడ అని మేమంటాం. మనం ఇంకా ముఖాముఖిగా చూడటం లేదు కదా.

నేను పెంతెకొస్తు సంఘంలో పెరిగాను. నా జీవితంలో జరిగింది ఒకటి చెబుతాను. నాలుగేళ్ల కింద వార్డులో జరిగిన ఒక గొడవతో విసిగిపోయి రాజీనామా ఉత్తరం రాసి, టిఫిన్ డబ్బా కింద మడిచి పెట్టుకుని వారం రోజులు తిరిగాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మా సంఘంలో ఆకుకూరలు అమ్మే ఒక అవ్వ ఉంది. ఆమె మైకు పట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. బుధవారం ప్రార్థన అయ్యాక చెప్పులేసుకుంటుంటే పక్కకొచ్చి, 'సంచిలో కాగితం ఏదో పెట్టుకుని తిరుగుతున్నట్టు నాకు అనిపించింది మా. ఇప్పుడే ఇయ్యొద్దేమో. నా మాట పట్టుకోవద్దు, నువ్వు కూడా ప్రార్థన చేసుకో' అంది. అంతే, గోంగూర గంప నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

నేను ఇప్పటికీ అదే వార్డులో ఉన్నాను. దీన్ని మీరు ఏమైనా అనుకోండి. కానీ ఆ అవ్వ మాట్లాడిన తీరు చూడండి. 'అనిపించింది' అంది, 'ఏమో' అంది, నన్నే ప్రార్థన చేసుకోమంది, నా దగ్గర రూపాయి తీసుకోలేదు. తమ్ముడూ, మీ ప్రవక్త గారి మాటను దీని పక్కన పెట్టి చూడు.

ఇంకొకటి కూడా రాయకపోతే నాకు నిద్ర పట్టదు. మా వార్డుకు ఒకసారి పద్నాలుగేళ్ల పిల్లను తెచ్చారు, ఫిట్స్ ఆగకుండా వస్తున్నాయి. స్వస్థత అయిపోయింది, మాత్రలు మింగడం అవిశ్వాసం అని ఎవరో కూడికలో చెబితే మాత్రలు ఒక్కసారిగా ఆపేశారు. మూర్ఛ మాత్రలు అట్లా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. పిల్ల బతికింది. వాళ్ల అమ్మ బయట బెంచీ మీద కూచుని 'నా విశ్వాసం చాల్లేదు సిస్టర్' అని నాతో అంది. మీ అమ్మ గారి గురించి చదువుతుంటే నాకు ఆమె ముఖం గుర్తొచ్చింది.

---

చెనిక్కాయ_అబ్బాయి, సోమవారం ఉదయం 8:02

అక్కా, అదే మాట. అక్షరాలా అదే మాట మా అమ్మ కూడా అంటోంది. మన విశ్వాసం చాల్లేదు నాయనా అని.

---

కర్నూలు_అయ్యవారు, సోమవారం మధ్యాహ్నం 3:40

బాబూ, నేను సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాణ్ని, రిటైరైన బడి అయ్యవారిని. మా గుళ్లో భాషలూ తక్కువే, ప్రవచనాలూ తక్కువే, కుర్చీలు జరిపిన చప్పుడు తప్ప పెద్దగా ఏ చప్పుడూ ఉండదు. కాబట్టి నాకు అనుభవం లేని సంగతి అని ముందే చెబుతున్నాను. కానీ నీ కథలో నీళ్లూ కరువూ వచ్చాయి గనక నాకు అగబు గుర్తొచ్చాడు.

అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయం చివర చూడు. యెరూషలేము నుంచి కొందరు ప్రవక్తలు అంతియొకయకు వచ్చారు. వాళ్లలో అగబు అనేవాడు లేచి గొప్ప కరవు రాబోతోందని ఆత్మ ద్వారా చెప్పాడు. అది క్లౌదియ చక్రవర్తి కాలంలో సంభవించిందని లూకా అక్కడే రాశాడు. యూదుల చరిత్ర రాసిన జోసీఫస్ కూడా ఆ కరవును ప్రస్తావించాడు. అది సుమారు క్రీ.శ. 46–48 ప్రాంతం. అదియాబెనె రాణి హెలేనా తన మనుషులను పంపి ఐగుప్తు (ఈజిప్టు) నుంచి ధాన్యం, కుప్ర (సైప్రస్) నుంచి ఎండిన అత్తిపండ్లు కొని తెప్పించి యెరూషలేము జనానికి పంచిపెట్టింది.

ఇప్పుడు గమనించు. కరవు వస్తుందని విన్న అంతియొకయ విశ్వాసులు ఏం చేశారు? మన గోదాములు నింపుకుందాం అనలేదు. అగబుకు కానుక కూడా ఇవ్వలేదు. ఎవరి శక్తి కొద్దీ వాళ్లు పోగు చేసి, బర్నబా సౌలుల చేతికిచ్చి, యూదయలో ఉన్న సహోదరులకు పంపారు. ప్రవచనం చెప్పినవాడి చేతికి డబ్బు పోలేదు, కరవు పడ్డవాళ్ల చేతికి పోయింది. నీ విషయంలో ఆ డబ్బు ఏ దిక్కుకు పోయిందో చూసుకో.

మన సీమవాళ్లకు ఇది వేరే ఎవరో చెప్పక్కర్లేదు. 1876–78 ధాత కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఎట్లా మాడిపోయాయో మా జేజి వాళ్ల జేజి చెప్పిన కథలు మా ఇంట్లో ఇంకా ఉన్నాయి. (అనంతపురం అప్పటికి వేరే జిల్లా కాదు, 1882లో బళ్లారి నుంచి విడదీశారు.) అదే కరువులో ఒంగోలు వైపు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని గుత్తకు తీసుకుని కూలీలకు గంజి పుట్టేలా చేశాడు. కరువు తీరేదాకా బాప్తిస్మాలు ఆపేశాడు. ఆకలితో వచ్చేవాడి విశ్వాసాన్ని అప్పుడే లెక్క వేయకూడదని ఆయన ఉద్దేశం. ఆకలి మీద, ఎండిన బోరు మీద వ్యాపారం చేయని క్రైస్తవం కూడా ఈ నేల మీద నడిచిందని చెప్పడానికే ఇది రాశాను.

---

తాడిపత్రి_చెల్లి, సోమవారం రాత్రి 9:15

టాపిక్ పక్కకు పోతుందేమో గానీ అడుగుతాను. నేను పెళ్లయ్యాక మా అత్తగారి సంఘానికి మారాను. అక్కడ అన్యభాషలు మాట్లాడకపోతే ఆత్మ పొందలేదని అంటారు. 'కనిపెట్టు ప్రార్థన' అని శుక్రవారం రాత్రి కూచోబెట్టి, హల్లెలూయ హల్లెలూయ అని గబగబా అనమంటారు, నాలుక తిరగబడేదాకా. మూడు వారాలు అన్నాను. నాలుగో వారం భయమేసి ఏదో ఒకటి నోటికొచ్చింది అనేశాను. అందరూ చప్పట్లు కొట్టారు, అత్తమ్మ నన్ను కౌగిలించుకుంది. నాకు మాత్రం లోపల దొంగతనం చేసినట్టుంది. అప్పటి నుంచి ప్రార్థన చేయాలంటేనే టెన్షన్. ఇది పాపమా?

---

కడప_నర్సమ్మ, సోమవారం రాత్రి 9:48

చెల్లీ, ముందు ఏడుపు ఆపు. (ఏడుస్తున్నావని నాకు తెలుసులే. ఇది ప్రవచనం కాదు, పదమూడేళ్లుగా వార్డులో పని చేస్తున్నాను.)

నేను భాషల్లో ప్రార్థిస్తాను. నాకది ఎంతో ఆదరణ. అయినా చెబుతున్నా, నీ మీద పెట్టిన ఒత్తిడి తప్పు. 1 కొరింథీయులు 12 చివర పౌలు వరసగా అడుగుతాడు: అందరు అపొస్తలులా, అందరు ప్రవక్తలా, అందరు భాషలతో మాటలాడుచున్నారా? ఆ ప్రశ్నలకు జవాబు కాదు అనే. ఆత్మ తన చిత్తం చొప్పున పంచి ఇస్తాడని అదే అధ్యాయంలో ఉంది. ఆయన పంచేదాన్ని మనం గబగబా అని లాక్కోవడం ఏంది?

పద్నాలుగో అధ్యాయంలో ఇంకా వివరంగా ఉంది. సంఘంలో భాషలు మాట్లాడితే ఇద్దరు, మహా అయితే ముగ్గురు, అదీ ఒకరి తర్వాత ఒకరు. అర్థం చెప్పేవాడు లేకపోతే మౌనంగా ఉండి తనతోనూ దేవునితోనూ మాట్లాడుకోవాలి. అర్థం కాని పదివేల మాటల కంటే అర్థమయ్యే అయిదు మాటలు సంఘంలో చెప్పడమే తనకు ఇష్టమని పౌలు రాశాడు. అందరూ ఒకేసారి అరిచే కూడికలు మా దగ్గరా జరుగుతాయి, ఒప్పుకుంటాను. 'ఆత్మ వచ్చాక నన్ను నేను ఆపుకోలేను' అనే మాట కూడా వింటుంటాం. ప్రవక్తల ఆత్మలు ప్రవక్తల స్వాధీనములో ఉన్నవి అని రాసి ఉంది మరి.

నువ్వు అనేసింది దేవుడికి చెప్పేసుకో, తెలుగులో. అత్తమ్మకు ఎప్పుడు చెప్పాలో నీ ఇష్టం, తొందరేం లేదు.

---

అడ్మిన్, మంగళవారం ఉదయం 7:30

ఒక పోస్టు తీసేశాను. ఫలానా ప్రవక్త అయి ఉంటారని పేరు, ఫోన్ నంబరు రాశారు. ఇక్కడ ఎవరి పేర్లూ వద్దు. విషయం మాట్లాడండి.

---

పత్తికొండ_పాస్టరు, మంగళవారం మధ్యాహ్నం 1:10

రెండు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అని ఆలోచించాను. మాది చిన్న సంఘం, ముప్పై అయిదు కుటుంబాలు. ఇటువంటి తప్పు నేనూ చేశాను.

పరిచర్యకు వచ్చిన కొత్తలో ఒక చెల్లెమ్మ సంబంధం విషయంలో ప్రార్థన చేయమని వచ్చింది. ప్రార్థనలో నాకు మూసిన తలుపు ఒకటి కనిపించింది. నిజంగానే కనిపించింది, కల్పించలేదు. నేను వెంటనే 'ఈ సంబంధం దేవుని చిత్తం కాదు' అన్నాను. వాళ్లు మానుకున్నారు. ఆ అబ్బాయి మంచివాడు, ఇప్పుడు ఆదోనిలో పిల్లాపాపలతో సుఖంగా ఉన్నాడు. ఈ చెల్లెమ్మకు ఆ తర్వాత చాలా ఏళ్లు సంబంధం కుదరలేదు. నేను చూసింది తలుపు. అది పెళ్లి తలుపని గానీ, మూసింది దేవుడని గానీ నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అది నేను అతికించింది.

అప్పటి నుంచి దీన్ని మూడు ముక్కలుగా విడదీసి చూస్తున్నాను. కనిపించింది ఒకటి, దాని అర్థం ఇంకొకటి, దాన్నిబట్టి చేయాల్సింది మరొకటి. బైబిల్లోనే చూడండి. అపొస్తలుల కార్యములు 21లో తూరు శిష్యులు యెరూషలేముకు వెళ్లొద్దని ఆత్మ ద్వారా పౌలుకు చెప్పారు. కైసరయలో అగబు పౌలు నడికట్టు తీసుకుని తన చేతులు కాళ్లు కట్టుకుని, ఈ నడికట్టు గలవాణ్ని ఇట్లా బంధిస్తారని చూపించాడు. బంధకాలు వస్తాయని తెలిసింది నిజమే. కాబట్టి వెళ్లొద్దు అని ఏడ్చి బతిమాలింది మాత్రం మనుషుల ప్రేమ. పౌలు వెళ్లాడు. చివరికి వాళ్లే 'ప్రభువు చిత్తము జరుగును గాక' అని ఊరుకున్నారు. అప్పటికి వాళ్లు దిగిన ఇల్లు ఎవరిదో చూశారా? ఫిలిప్పుది. ఆయనకు ప్రవచించే నలుగురు కుమార్తెలు ఉన్నారని లూకా రాశాడు. ఆ నలుగురూ ఆ రోజు ఏమన్నారో ఒక్క ముక్క రాయలేదు. నాకెందుకో ఆ సంగతి చాలాసార్లు గుర్తొస్తుంటుంది.

తమ్ముడూ, నీ చేను విషయంలో ఆయన నిజంగా నీళ్లు చూశాడో లేదో నాకు తెలియదు. చూసినా సరే, ఈశాన్యం అని, ఆలస్యం చేయొద్దని చెప్పింది ఆయనే. తర్వాత పాపం అని నెపం మీ మీద వేసింది కూడా ఆయనే. 1 కొరింథీయులు 14లో, ప్రవచించువాడు క్షేమాభివృద్ధియు హెచ్చరికయు ఆదరణయు కలుగునట్లు మాట్లాడతాడని ఉంది. ఆ ఫోన్ కాల్‌లో మీ అమ్మ గారికి ఈ మూడింట్లో ఏది కలిగింది?

ఇంకో మాట. 'ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాటలాడవచ్చును. తక్కినవారు వివేచింపవలెను' అని అక్కడే ఉంది. తక్కినవారు అంటే కింద చాప మీద కూచున్న మనమే. ఆ రాత్రి మీ ఊరి సంఘ పెద్దలు లేచి 'అయ్యా, ఒక వారం ఆగి ఆలోచిస్తాం' అని ఒక్క మాట అని ఉంటే బండి వచ్చేది కాదు. వరాలంటే మైకు ముందు ఉండేవే అనుకుంటాం. రోమా 12లో పంచిపెట్టడం, కరుణించడం కూడా వరాలే. కొరింథు పత్రికలో ఉపకారాలు చేయడం, ప్రభుత్వాలు చేయడం కూడా అదే వరసలో ఉన్నాయి. ప్రభుత్వం అంటే పనిని నడిపించడం. మా సంఘంలో కానుకల లెక్క రాసే అన్న ఒకాయన ఉన్నాడు, రెండు రూపాయలు తేడా వచ్చినా నిద్రపోడు. ఆయన వరం వల్ల మా సంఘంలో జరగకుండా ఆగిన గొడవలు నా ప్రసంగాలు ఆపిన వాటికంటే ఎక్కువే ఉంటాయి.

---

ప్రొద్దుటూరు_గీటురాయి, మంగళవారం సాయంత్రం 5:25

పాస్టరు గారూ, మీ నిజాయితీకి దండం. కానీ ఒప్పుకోలేను. ద్వితీయోపదేశకాండము 18లో, ప్రవక్త చెప్పింది జరగకపోతే అది యెహోవా చెప్పిన మాట కాదు, వాడు అహంకారంతో చెప్పాడు, వాడికి భయపడొద్దు అని ఉంది. మూడు ముక్కలు, అయిదు ముక్కలు అక్కడ లేవు. కొంత నిజం కొంత అతుకు అయితే ఆ మాటకు 'ప్రభువు సెలవిచ్చుచున్నాడు' అని ముద్ర ఎందుకు కొడతారు? హాల్‌మార్క్ ముద్ర ఉన్న నగలో సగం రాగి ఉంటే మేం 'బంగారం మంచిదే, అతుకు పెట్టిన ఆచారి తప్పు' అనం. నగ వాపసు పంపుతాం.

డబ్బు సంగతి కూడా. అపొస్తలుల తర్వాత తొలి సంఘాలు వాడుకున్న దిదాకే అనే చిన్న పుస్తకంలో, ఆత్మలో ఉండి నాకు డబ్బివ్వండి అనేవాడి మాట వినొద్దు, లేనివాళ్ల కోసం అడిగితే తప్పుపట్టొద్దు అని ఉంది. ఇది కొత్త జబ్బేం కాదు. ఎలీషా ప్రవక్త, కుష్ఠు బాగైన నయమాను దగ్గర ఏమీ పుచ్చుకోలేదు. వెనకాల పరుగెత్తి పుచ్చుకున్న ఆయన పనివాడు గేహజీకి ఆ కుష్ఠే పట్టింది.

---

గుత్తి_మామ, మంగళవారం సాయంత్రం 5:50

మీ పుస్తకంలో సోదె చెప్పేవాళ్ల గురించి ఏమైనా ఉందా? ఊరికే అడుగుతున్నా. మా చిన్నప్పుడు బుట్ట పెట్టుకుని 'సోదె చెబుతానమ్మ సోదె' అంటూ వచ్చేవాళ్లు. చేట నిండా జొన్నలు పోస్తే సోదె తీపిగా ఉండేది, తక్కువ పోస్తే ఇంట్లో దోషం ఉండేది.

---

కర్నూలు_అయ్యవారు, మంగళవారం రాత్రి 8:05

గుత్తి మామా, ఉంది. మీకా 3:11. ప్రవక్తలు ద్రవ్యం కోసం సోదె చెబుతారని మన తెలుగు బైబిల్లో సరిగ్గా అదే మాట వాడారు. అనువాదం చేసినవాళ్లు మన పల్లెలు తిరిగినట్టున్నారు.

గీటురాయి తమ్ముడూ, మీరూ పాస్టరు గారూ చెప్పింది నాకు యిర్మీయా 28లో ఒక్కచోటే కనిపిస్తుంది. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో జనమంతా వింటుండగా, రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుంది, ఎత్తుకుపోయిన పాత్రలన్నీ తిరిగొస్తాయి అన్నాడు. యిర్మీయాకు తెలుసు అది నిజం కాదని, 70 ఏళ్లు అని ఆయనకు చెప్పబడింది. అయినా ఆయన మొదటి మాట ఆమేన్, యెహోవా ఆలాగున చేయును గాక. తర్వాత, సమాధానం ప్రవచించేవాడి మాట జరిగినప్పుడే వాణ్ని నిజంగా యెహోవా పంపాడని తెలుస్తుంది అన్నాడు. హనన్యా ఆయన మెడ మీది కాడి తీసి విరగ్గొట్టాడు. యిర్మీయా ఏమీ అనకుండా తన దారిన వెళ్లిపోయాడు. దేవుని మాట తర్వాత వచ్చింది. హనన్యా ఆ ఏడాదే చనిపోయాడు.

బాబూ, మీ అమ్మ గారు నీళ్లు పడాలని ఆమేన్ అనడంలో తప్పేమీ లేదు. ఆమేన్ అన్నాక ఆగి చూసే గడువు ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

---

రాళ్ల_లెక్క (అనంతపురం), మంగళవారం రాత్రి 10:20

దేవుడి సంగతి నాకు తెలియదు గానీ రాయి సంగతి కొంచెం తెలుసు. ముప్పై ఏళ్లు భూగర్భ జలాల సర్వేలో పని చేసి దిగాను.

మన జిల్లా కింద ఎక్కువ భాగం గట్టి గ్రానైటు జాతి రాయి. ఇసుక నేలల్లోలాగా కింద చెరువులా నీళ్లు నిలబడవు. పైన రాయి శిథిలమై మెత్తబడిన పొరలోనో, కింద రాతి పగుళ్లలోనో ఉంటాయి. పగులు తగిలితే నీళ్లు, పక్కకు పది అడుగులు జరిగితే దుమ్ము. అందుకే ఒకరు చెప్పిన చోట పడతాయి, ఇంకొకరు చెప్పిన చోట పడవు. పడిన రోజు చెప్పినవాడు దేవుడు, పడని రోజు రైతు పాపి. 310 దగ్గర తడి వచ్చిందన్నావు, అది చిన్న పగులు అయి ఉంటుంది. ఆ తర్వాత నాలుగు వందల అడుగులు రాతిలో డబ్బు పోశారు.

ఈసారి వేసే ముందు రెసిస్టివిటీ సర్వే (నేలలోకి కరెంటు పంపి నీటి జాడ వెతకడం) చేయించండి. అది కూడా నూటికి నూరు కాదు, ముందే చెబుతున్నా. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం బోరుకు అనుమతి కూడా తీసుకోవాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ ఫెయిలైన బోరు నోరు మూశారా?

---

చెనిక్కాయ_అబ్బాయి, బుధవారం ఉదయం 6:45

సార్, గోనె సంచి కట్టి పైన రాయి పెట్టాం.

---

రాళ్ల_లెక్క, బుధవారం ఉదయం 6:58

చాలదు. మేకల వెంట పిల్లలు వస్తారు. సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది, వదిలేసిన బోరును పూడ్చాలి లేదా గట్టిగా మూయాలి అని. కేసింగ్ మీద ఇనుప రేకు వెల్డింగ్ చేయించు, ఈ రోజే. తర్వాత తీరిగ్గా చుట్టూ గుంత తీసి, కంకర, ఇసుక పోసి వాన నీళ్లు ఇంకేలా చేసుకోవచ్చు. అది నేను వచ్చి చూపిస్తాను, మీ ఊరు నాకు దగ్గరే.

---

తాడిపత్రి_చెల్లి, గురువారం రాత్రి 9:30

నర్సమ్మ అక్కా, ఈ రెండు రోజులు తెలుగులోనే ప్రార్థన చేశాను. రేపు శుక్రవారం. తలనొప్పి అని చెప్పి మానేస్తాను. ఇది కూడా అబద్ధమే కదా అని మళ్లీ టెన్షన్.

---

కడప_నర్సమ్మ, గురువారం రాత్రి 9:41

తలనొప్పి అని చెప్పొద్దు. 'ఈ వారం నాకు రావాలని లేదు అత్తమ్మా' అను. ఆమె ఏమంటుందో విని నాకు రాయి. రేపు పగటి డ్యూటీనే, ఫోరంలో ఉంటాను.

---

చెనిక్కాయ_అబ్బాయి, ఆదివారం సాయంత్రం 6:15

శనివారం వచ్చాను. రేకు వెల్డింగ్ అయ్యింది. రాళ్ల లెక్క సార్ కూడా వచ్చి చూశారు, అమ్మ ఆయనకు జొన్న రొట్టె, చెనిగ్గింజల పచ్చడి పెట్టింది.

రాత్రి అమ్మ దగ్గర కూచుని అగబు సంగతి చదివి వినిపించాను. అంతా విని, 'ఆయనకు ఎంత కానుక ఇచ్చినారంట?' అని అడిగింది. ఏమీ ఇచ్చినట్టు రాయలేదమ్మా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'అయితే ఆ పాపం ఎవరిదో ఆయనకు కూడా తెలియదేమో' అంది. నాయన వెనక నుంచి దగ్గాడు.

నలభై రోజులకు ఇంకా పదకొండు ఉన్నాయి. ఆపమని నేను అడగలేదు. నిన్న రాత్రి మాత్రం రెండో పూట కూడా తట్ట ముందు కూచుంది, సగం రొట్టె తినింది. ఈ రోజు గుడికి రాలేదు. నాయన ఒక్కడే వెళ్లొచ్చాడు. విత్తనం కానుక ఇంకా పంపలేదని సంఘ పెద్ద అడిగాడంట. లేదు, బోరు మూతకు అయ్యిందని నాయన చెప్పాడంట.